మా ఊరి పరాసు దిబ్బలో లంకెబిందెలు: పాత రికార్డులు ఏం చెబుతాయి?

గౌతమి_గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారమండి. మాది ఐ.పోలవరం మండలంలో గౌతమి ఒడ్డున ఒక చిన్న ఊరు. పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఊరికి తూర్పున కొబ్బరితోటలు దాటాక మా బాబాయి చేనుని ఆనుకుని ఒక దిబ్బ ఉంది. పరాసు దిబ్బ అంటారు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఫ్రెంచి సేనాని బుస్సీ దొర చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడిపోయి, యానాం వైపు పారిపోతూ, వెంట ఉన్న బంగారాన్ని ఏడు లంకెబిందెల్లో పోసి అక్కడ పాతిపెట్టాడని మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. దిబ్బ మీద ఒక రాయి ఉంది. దానిమీద బాణం చెక్కి ఉంది. ఆ బాణం చూపించిన చోట తవ్వాలట.

కథగా ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదండి. ఈమధ్య ఎవరో అంజనం వేయించుకుని వచ్చి రాత్రిళ్ళు తవ్వుతున్నారు. పొద్దున్నే వెళ్తే నిమ్మకాయలు, పసుపు కుంకుమ, కోడి ఈకలు, మనిషి లోతున గొయ్యి. మొన్న బాబాయి చేను గట్టు తెగగొట్టేస్తే నీరంతా మురుగుకాలవలోకి పోయింది. 96 తుపాను రాత్రి మా పేటవాళ్ళు పిల్లల్ని భుజాన వేసుకుని ఎక్కింది ఈ దిబ్బే. దాన్ని ఇలా కుళ్ళబొడుస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

నిధీ లేదు గిధీ లేదు అంటే, నీకెలా తెలుసు అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. పాత రికార్డులతో దీన్ని తేల్చే దారి ఏమైనా ఉందా?

మాస్టారు_అమలాపురం

బాబూ, మంచి పని తలపెట్టావు. ఇలాంటి కథని మొత్తంగా పట్టుకుని నిజమా అబద్ధమా అని అడిగితే జవాబు దొరకదు. ముక్కలు చేసుకోవాలి. ఎవరు పారిపోయారు, ఎప్పుడు, ఏ దారిన, చేతిలో ఏముంది, ఆ రోజున ఆ నేల అక్కడ ఉందా. ఒక్కో ముక్కకీ ఒక్కో రకం రికార్డు ఉంది. ముందు మొదటి మూడూ చూద్దాం.

చందుర్తి యుద్ధం 1758 డిసెంబరులో జరిగింది. ఆ ఊరు ఇప్పటి గొల్లప్రోలు మండలంలో, పిఠాపురానికి దగ్గర. ఇంగ్లీషువాళ్ళ రాతల్లో దాన్ని కొండూరు యుద్ధం అని రాసుకున్నారు. బెంగాల్ నుంచి క్లైవు పంపితే కల్నల్ ఫోర్డు ఓడల మీద విశాఖపట్నంలో దిగాడు. సుమారు 500 మంది తెల్ల సైనికులు, 2,000 మంది దేశీ సిపాయిలు. విజయనగరం ఆనందరాజు అతనితో కలిశాడు.

ఇక బుస్సీ. ఆ యుద్ధం నాటికి బుస్సీ ఈ ప్రాంతంలోనే లేడు. అదే ఏడు ఫ్రెంచి సేనల పెద్ద లాలీ అతన్ని దక్షిణానికి పిలిపించుకున్నాడు. సర్కారు జిల్లాల్లో ఫ్రెంచి సేనని నడిపింది కాన్‌ఫ్లాన్స్ అనే అతను. కాబట్టి బుస్సీ దొర అన్నమాట అక్కడికక్కడే పోయింది. అయితే ఊళ్ళల్లో పేరున్న దొరకే అన్ని కథలూ అంటుకుంటాయి కాబట్టి దీని ఒక్కదానితో కథని కొట్టేయకూడదు.

దారి సంగతి ఇంకా ముఖ్యం. రాబర్ట్ ఓర్మ్ అని ఆ కాలంవాడే, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, ఈ యుద్ధాల చరిత్ర చాలా వివరంగా రాశాడు. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ ఆ రాత్రికే రాజమండ్రి చేరాడని అందులో ఉంది. అంటే వెళ్ళింది పడమటికి. ఆ వెనకే అతని సేన కూడా గోదావరి దాటి అవతలి గట్టుకు పోయింది. అక్కడి నుంచి బందరు. మీ ఊరు ఆ దారికి పూర్తిగా పెడగా ఉంది.

పాలకొల్లు_శ్రీను

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. అదే ఓర్మ్ పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది కదండీ. ఓటమి ఖాయమని తెలియగానే కాన్‌ఫ్లాన్స్ సేన ఖజానా పెట్టెను ముందే పంపించేశాడని. అంటే పెట్టె ఉంది. శత్రువుకి దొరకలేదు. మరి ఆ పెట్టె ఎక్కడికి పోయింది?

ఇంకోటి. ఓడిన సైన్యం అంతా నాయకుడి వెనకే పోదు. యానాంలో ఫ్రెంచివాళ్ళ కొఠీ, అంటే వ్యాపార స్థావరం, అప్పటికే ఉంది. చెదిరిపోయినవాళ్ళలో ఒక గుంపు సొంతవాళ్ళున్న చోటికి పోవాలనుకోవడంలో వింతేముంది?

మన గోదావరి నేలలో నిధులు దొరకవని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోను. ధవళేశ్వరంలో తూర్పు చాళుక్యుల, చోళుల బంగారు నాణేలు కుప్పగా దొరికాయి. 1966లో మద్రాసు మ్యూజియం వాళ్ళు దానిమీద పుస్తకమే వేశారు.

కోరంగి_పిల్ల

శ్రీను గారూ, మీ రెండు ప్రశ్నలూ గట్టివే. నేను చెన్నైలో రీసెర్చి చేస్తున్నాను, పాత కంపెనీ కాగితాలు చూడడమే నా పని. తెలిసినంతవరకూ చెబుతాను.

పెట్టె పంపింది రాజమండ్రి వైపే. అది సేన జీతాల డబ్బు. సేన ఎటుపోతే అదీ అటే పోవాలి, ఎందుకంటే జీతం లేకపోతే మర్నాడు సిపాయి ఉండడు. ఆ కాలపు ఉత్తరాలు చదువుతుంటే రెండు పక్షాల్నీ వేధించింది డబ్బే అని తెలుస్తుంది. యుద్ధం గెలిచిన ఫోర్డు కూడా, ఆనందరాజు ఇస్తానన్న సొమ్ము ఇవ్వక, వారాల తరబడి ముందుకు కదలలేకపోయాడు. బందరు ముట్టడిలో ఉండగా 1759 మార్చిలో అతని తెల్ల సైనికులే జీతాల కోసం, కొల్లగొట్టిన సొమ్ములో వాటా కోసం ఎదురుతిరిగారు. ఇలాంటి రోజుల్లో ఏడు బిందెల బంగారం ఒక దిబ్బలో వదిలేసి, తర్వాత ఒక్కసారి కూడా దాన్ని వెతకడానికి మనిషిని పంపకుండా ఉంటారా? యానాం మళ్ళీ ఫ్రెంచివాళ్ళకే వచ్చింది. అక్కడ వాళ్ళు 1954 దాకా ఉన్నారు. పాతింది వాళ్ళే అయితే తవ్వుకోవడానికి రెండు వందల ఏళ్ళకు దగ్గరగా టైమ్ ఉంది, అదీ ఏటికి అవతలి ఒడ్డునే ఉంటూ.

యానాం కొఠీ సంగతి కూడా చూడండి. యానాం, ఇంజరం, నరసాపురం పక్క మాధవాయిపాలెం, ఇవన్నీ బట్టల వ్యాపారం మీద బతికిన చోట్లు. వచ్చిన డబ్బు దళారుల ద్వారా సాలెవాళ్ళకి బయానాగా పోయేది. కొఠీలో ఉండేది బేళ్ళు కట్టిన గుడ్డ, లెక్క పుస్తకాలు. వరహాలు, రూపాయలు వచ్చినవి వచ్చినట్టు వెళ్ళిపోయేవి. పైసా తేడా వచ్చినా సంజాయిషీ రాయించుకునే కంపెనీలండీ అవి. ఏడు బిందెల బంగారం పోతే ఎక్కడో ఒకచోట నష్టం కింద లెక్క కనబడాలి.

ధవళేశ్వరం నాణేల మాట నిజమే. నిజంగా దొరికిన నిధి ఎలా ఉంటుందో అదే చెబుతుంది. దాని వెనక ఏ కథా లేదు. పాతినవాడు ఎవరికీ చెప్పకుండా పోయాడు కాబట్టే మిగిలింది.

పాలకొల్లు_శ్రీను

ఆ చివరి మాట గురించి ఆలోచించాల్సిందే. కానీ రాసినవాళ్ళంతా దొరలే కదమ్మా. మన ఊళ్ళవాళ్ళ మాట ఎవరు రాసుకున్నారు? అందులో ఉండి ఉండొచ్చు కదా?

కోరంగి_పిల్ల

రాసుకున్నారండి. కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వే అధికారి కోసం మన కరణాలు రాసిచ్చిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, ఉన్నాయి. ఆ పని నడిపించింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, మన ఏలూరు వాళ్ళే. తర్వాత సి.పి.బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. గట్టు గారు తమ ఊరిది, చుట్టుపక్కల ఊళ్ళవీ వెతికించాలి. కథ అందులో ఉంటే 1810 ప్రాంతానికే అది పుట్టిందని తేలుతుంది. లేకపోతే మాత్రం కథ అప్పటికి లేదని అనడానికి వీల్లేదు. కరణాలు ఊరు పుట్టుక, గుడి, మాన్యాలు, పాలించినవాళ్ళ సంగతి రాశారు, దిబ్బల గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఆ తేడా మనసులో పెట్టుకుని చదవాలి.

ఆ తర్వాత 1878లో మోరిస్ రాసిన గోదావరి జిల్లా చరిత్ర, 1907లో హెమింగ్వే గెజిటీరు. ఈ రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. హెమింగ్వే స్థానిక కథల్ని బాగానే పోగుచేశాడు, తాలూకాల వారీగా ఊళ్ళ పేర్లు ఉంటాయి.

గొలుసు_కొలత

ఆయ్, నమస్కారం. సర్వే డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైనవాడిని. యుద్ధాల సంగతి మాస్టారు చూసుకుంటారు. నాకు ఆ రాయి కావాలి. బాబూ, ఫోటో తీసి పెట్టు. బాణం ఒక్కటే ఉందా, బాణం మొన పైన అడ్డగీత కూడా ఉందా? గీత ఉంటే అది ఎత్తులు కొలవడానికి పెట్టిన లెవెలు గుర్తు. మన పాత లాకుల మీద, వంతెన గోడల మీద అలాంటివి వెతికితే కనబడతాయి. గీత లేని ఉత్త బాణమైతే సర్కారు హద్దు రాయి. ఆ బాణం బ్రిటిష్ వాళ్ళ ప్రభుత్వ ముద్ర, వాళ్ళ వస్తువుల మీదంతా అదే కొట్టేవాళ్ళు. నా సర్వీసులో అలాంటి రాళ్ళ కింద నిధి కోసం తవ్వినవాళ్ళని ఎంతమందిని చూశానో. రాయి పోయిందంటే హద్దు పోయినట్టే, ఆ తర్వాత రైతులు కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

రెండోది, ఆ దిబ్బ సర్వే నంబరు కనుక్కో. కలెక్టరాఫీసు రికార్డు రూములో డైగ్లాట్ రిజిస్టరు ఉంటుంది, ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన రాసింది. దాన్లో ఆ నంబరుకి ఎదురుగా భూమి ఏ రకమో, ఎవరిదో, రిమార్కుల గడిలో ఏం రాశారో నకలు కావాలని అర్జీ పెట్టు. ఎఫ్.ఎం.బి., అంటే పొలాల కొలతల పుస్తకం, కూడా అడుగు, రాళ్ళు ఎక్కడెక్కడ పాతారో అందులో గీసి ఉంటుంది. సెటిల్‌మెంటు రిజిస్టరు, ఆర్.ఎస్.ఆర్. అంటారు, దొరికితే అదీ తీసుకో. రిమార్కుల గడి మాత్రం వదలకు. జనం విస్తీర్ణం చూసుకుని కాగితం మడిచేస్తారు. అసలు సంగతి ఎప్పుడూ ఆ గడిలోనే ఉంటుంది.

లంక_రైతు

నేను చదువుకున్నది తక్కువ, కానీ గోదారి సంగతి నాకు తెలుసు. 86 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు తీశాక మా లంకలో పల్లపు చేలు మెరకయ్యాయి, మెరక చేలు ఏట్లో కలిసిపోయాయి. ఒక్క వరదకే అలా ఉంటే 1758 నుంచి ఇప్పటికి పాయ ఎన్నిసార్లు పక్కకి జరిగుంటుంది? పైగా సముద్రం ఉప్పెనలు. 1839లో కోరంగి రేవునే తుడిచిపెట్టేసింది కదా. అప్పటి నేల ఇప్పటికీ అదే ఎత్తున, అదే చోట ఉందనుకుని తవ్వడం నాకు అర్థం కాదు.

గట్టు బాబూ, దొంగలు తవ్విన గొయ్యి ఇంకా పూడ్చకపోతే లోపలి గోడని పారతో నున్నగా చెక్కి చూడు. ఏ రంగు మట్టి ఎంత మందాన ఉందో రాయి. మట్టి అబద్ధం చెప్పదు.

గౌతమి_గట్టు

ఆలస్యానికి ఏమీ అనుకోకండి, కాగితాలు రావడానికి టైమ్ పట్టింది. అన్నీ ఒకేసారి పెడుతున్నాను.

రాయి: బాణం ఒక్కటే, అడ్డగీత లేదు. మూడు గాట్లు ఒకచోట కలిసేలా చెక్కారు. సుమారు మోకాలెత్తు నల్లరాయి, పైభాగం చదును. ఎఫ్.ఎం.బి.లో సరిగ్గా అక్కడే రాయి గుర్తు ఉంది. అది దిబ్బకి ఒక మూల. మిగతా మూలల్లో కూడా రాళ్ళు ఉన్నట్టు గీశారు, ఒకటి మా బాబాయి కొబ్బరిచెట్టు మొదట్లో మట్టిలో కూరుకుపోయి కనబడింది. దానిమీద కూడా అదే బాణం. ఈ రెండో బాణం గురించి ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ తెలీదు.

డైగ్లాట్: ప్రభుత్వ పోరంబోకు. రిమార్కుల గడిలో "ఉప్పు కొఠారు" అని ఉంది. గొలుసు కొలత గారూ, మీకు చేతులెత్తి దండం.

గొయ్యి: పైన జానెడు మెత్తటి ఒండ్రు. దాని కింద చాలా మందాన గట్టిపడిన బంకమట్టి, తొక్కి తొక్కి చదును చేసినట్టు. అందులో పెద్ద కుండల పెంకులు, మందపాటి అంచులవి. మధ్యలో ఒకచోట బూడిద, కాలిన గుల్లలు. అడుగున ఇసుక. పెంకులు కొన్ని ఏరి గోనెసంచిలో పెట్టాను.

గొలుసు_కొలత

ఉప్పు కొఠారు! నాలుగు మూలలా సర్కారు రాళ్ళు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. అది ఉప్పు డిపార్ట్‌మెంటు స్థలం.

మాస్టారు_అమలాపురం

ఈ మాట చూడగానే నాకు చాలా సంతోషమేసింది. కొఠారు అంటే మడుల్లో పండించిన ఉప్పుని కుప్పపోసి, సర్కారు అమ్మేదాకా కాపలా పెట్టి ఉంచే చోటు. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యం. పండించిన రైతు కూడా ఒక బస్తా ఇంటికి తీసుకుపోకూడదు. ఏటి పోటుకి, వానకి తడవకుండా ఎత్తుగా మట్టి అరుగు వేసి దానిమీద కుప్ప పోయాలి. మీ గోతిలో తొక్కి చదును చేసినట్టున్న బంకమట్టి అదే అయ్యుండొచ్చు. రాత్రంతా దీపాలు, బంట్రోతులు, దగ్గరికి వెళ్తే పట్టుకుంటారు. దొరలొచ్చి తూకం వేయించి డబ్బు లెక్కపెట్టుకుని పోతారు. అలాంటి చోటు గురించి నాలుగు తరాల తర్వాత ఊరు ఏమని చెప్పుకుంటుంది?

పరాసు పేరు ఎందుకొచ్చిందో ఖాయంగా చెప్పలేను గానీ ఒక ఊహ ఉంది. 1815లో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ లండన్‌లో ఒక ఒప్పందం చేసుకున్నారు. ఫ్రెంచి స్థావరాల్లో తయారయ్యే ఉప్పు కొనే హక్కు ఇంగ్లీషువాళ్ళకి, బదులుగా ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచివాళ్ళకి. మీకు ఎదురుగానే యానాం. ఉప్పు, పరాసులు, కట్టలకొద్దీ సొమ్ము, ఈ మూడూ కలిసి జనం నోట్లో నలగడానికి ఆధారం ఉంది. దీన్ని ఊహగానే తీసుకోండి. పరీక్షించే దారి మాత్రం ఉంది, ఉప్పు శాఖ రికార్డుల్లో ఆ కొఠారు పేరు ఏమని రాశారో చూడాలి.

లంక_రైతు

కాలిన గుల్లలంటే నాకు గుల్ల సున్నం గుర్తొస్తోంది. మా తాతల కాలంలో గుల్లలు ఏరి బట్టీ పెట్టి కాల్చేవారు. కొఠారు ఎత్తేశాక ఎవరో అక్కడ సున్నం కాల్చుంటారు. బూడిద కొఠారు కాలందే అనుకోవద్దు, మట్టి పొరల్లో అది పైన ఉందో కింద ఉందో మళ్ళీ చూడు.

పాలకొల్లు_శ్రీను

కాగితాలూ మట్టీ ఒకే మాట చెబుతున్నాయి, రాయి విషయంలో ఇక వాదించను. బాణం చూపించిన చోట తవ్వాలన్నది అక్కడితో సరి. కాన్‌ఫ్లాన్స్ సేనలో చెదిరినవాళ్ళు యానాం వచ్చారా లేదా అన్నది మాత్రం నా మనసులో ఇంకా ఉంది. ఫ్రాన్సులో ఆ కాలపు యానాం కొఠీ ఉత్తరాలు ఉంటాయి కదమ్మా, చూసే వీలుందా?

కోరంగి_పిల్ల

ఉందండి. ఫ్రెంచి వలసల రికార్డులు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్ళో భద్రపరిచారు. అక్కడున్న తెలిసినవాళ్ళకి రాసి 1758, 1759 యానాం కాగితాల జాబితా అడుగుతాను. చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో గోదావరి జిల్లా రికార్డులు, ఉప్పు బోర్డు రికార్డులు నేను చూస్తాను. గట్టు గారూ, ఊరి పేరు, సర్వే నంబరు నాకు ప్రైవేటు మెసేజీలో పంపండి, ఇక్కడ పెట్టొద్దు.

అమలాపురం_వకీలు

ఆలస్యంగా చూశాను. ఆ తవ్వేవాళ్ళకి చట్టం ఏం చెబుతుందో ఎవరైనా చెప్పారా? 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పద్ధతిగా తెలిపి, విచారణలో హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం కావాలనుకుంటే విలువకి అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. దొంగచాటుగా తవ్వి పట్టుకుపోయేవాడికి ఇందులో దమ్మిడీ రాదు.

గట్టు గారూ, దిబ్బ పోరంబోకు కాబట్టి తహసీల్దారుకి అర్జీ పెట్టండి. ఊళ్ళో పదిమంది సంతకాలు తీసుకోండి. డైగ్లాట్ నకలు, ఎఫ్.ఎం.బి. నకలు, గొయ్యి ఫోటోలు జతచేయండి. 96లో జనం దానిమీదే ప్రాణాలు నిలబెట్టుకున్నారన్నది తప్పకుండా రాయండి, తుపాను రక్షణ కోణంలో అది బలమైన పాయింటు. కుండపెంకుల సంగతి పురావస్తు శాఖకి వేరే ఉత్తరంగా తెలపండి. అర్జీ నకలు మీద తేదీ స్టాంపు వేయించుకోకుండా ఆఫీసులోంచి బయటికి రావద్దు.

గౌతమి_గట్టు

సోమవారం వెళ్తున్నానండి. నిన్న సాయంత్రం రామాలయం దగ్గర డైగ్లాట్ నకలు అందరికీ చదివి వినిపించాను. నమ్మనివాళ్ళు ఉన్నారు. కానీ రెండో బాణం రాయి చూపించడానికి తీసుకెళ్తే, తవ్వేవాళ్ళతో తిరిగిన కుర్రాడొకడు చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు. మిగతా రెండు మూలలూ ఎక్కడొస్తాయని అడిగాడు. ఎఫ్.ఎం.బి. పట్టుకుని వాడూ నేనూ రేపు వెతుకుతున్నాం.

గొలుసు_కొలత

వాణ్ణి వెంటబెట్టుకో, మంచిది. గొలుసు దొరక్కపోతే టేపు చాలు. తెలిసిన రాయి నుంచి కొలత పట్టు, లింకుల్లో ఉంటుంది కాబట్టి ఒక లింకు 7.92 అంగుళాలని లెక్క వేసుకో. కొలిచిన చోట పైపైన మట్టి తీసి రాయి తల కనబడగానే ఆపేయండి. తవ్వి పైకి లాగొద్దు, నిలబెట్టి సరిచేయొద్దు, సున్నం కొట్టొద్దు. 1923 సర్వే హద్దుల చట్టం కింద సర్వే రాయి కదిపినవాడి మీద చర్య తీసుకుంటారు, ఆ మాట కుర్రాడికి కూడా చెప్పు. ఫోటో తీసి, ఏ రాయి ఏ మూలదో కాగితం మీద రాసి, అర్జీకి అదీ జతచేయి.